దసరా చీరలు దీపావళికి ఇస్తాను, మన మగ్గాల మీద నేసినవే

దసరాకి మంగళగిరి చేనేత చీరలు ఇస్తానని మీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. ఇవ్వలేకపోతున్నాను. ఎందుకో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

పన్నెండేళ్ళుగా మాకు చిలప నూలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు, ఇచ్చే వ్యాపారి ఈసారి డబ్బు ముందే తీసుకుని నెల రోజులు రేపు, మాపు అన్నాడు. చివరికి పంపిన మూటల మీద 80 నంబరు అని చీటీ ఉంది. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నగా ఉండాలి. లోపల నూలు లావు, పట్టుకుంటేనే తెలిసిపోయింది. అయినా మగ్గం మీద ఒక పడుగు (నిలువు పోగులు) పెట్టించి చూశాను. దువ్వెన లాంటి అచ్చు రాపిడికి పోగులు టపటపా తెగాయి. వాపసు చేశాను. డబ్బు ఇంకా రాలేదు. పన్నెండేళ్ళ నమ్మకం కదా, అదే ఎక్కువ బాధ.

కరెంటుతో నడిచే మరమగ్గాలకు కోన్‌ల మీద చుట్టిన నూలు చాలు, మాకు చిలపలే కావాలి. అందుకే మిల్లులు కొంత నూలు చిలపలుగా కట్టాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆ వాటాను 2019లో 40 శాతం నుంచి 30కి తగ్గించారు.

ఈలోగా ఒకాయన మరమగ్గం చీరలు తెచ్చి చూపించాడు. అదే నిజాం అంచు, అవే రంగులు. "ఎవరు గుర్తుపడతారండీ" అన్నాడు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. తీసుకుంటే మీకిచ్చిన మాట దక్కేది. కానీ మీ ఆర్డర్లు వాటితో తీర్చేస్తే, రేపు నూలు వచ్చినా మా ఎనిమిది మగ్గాలకు పని ఉండదు. కండెలు చుట్టే ఆడవాళ్ళకూ, అద్దకం వాళ్ళకూ ఉండదు. కొన్ని రకాల బట్టలు చేనేతకే, మరమగ్గాల మీద నేయకూడదని 1985లో చట్టం చేశారు. మంగళగిరి చీర పేరు చెప్పుకుని బతికే నేనే దాన్ని పక్కన పెట్టలేను. వద్దన్నాను.

నూలు లేని ఐదు వారాలూ నేతవాళ్ళకు సగం కూలి ఇచ్చాను. మగ్గం దిగిన మనిషి మళ్ళీ ఎక్కడు. అయినా ఒకాయన వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చున్న మనిషి ఇప్పుడు విజయవాడలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. శిక్షణ ఇస్తే నిరుద్యోగం పోతుందంటారు. ఆయనకు ఏ శిక్షణ తక్కువైంది? నూలు తక్కువైంది. దేశంలో చేనేత పనివాళ్ళు 2009-10 లెక్కకు 43 లక్షల పైనే, 2019-20 నాటికి 35 లక్షలు. వాళ్ళంతా పని చేతకాక మానేయలేదు.

ఇకమీదట కేంద్ర ప్రభుత్వ చేనేత అభివృద్ధి సంస్థ ఎన్‌హెచ్‌డీసీ ద్వారా నూలు తెప్పిస్తాను, 15 శాతం సబ్సిడీ కూడా ఉంది. ధర పెంచను. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్ళకు మొత్తం ఇచ్చేస్తాను. రంగు మార్చాలంటే ఆదివారంలోపు చెప్పండి, సోమవారం అద్దకానికి వేస్తున్నాం.