ఈ టర్మ్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకోవడం లేదు

మీలో చాలామంది సగం కథ పిల్లల నోట వినే ఉంటారు. మిగతా సగం నేనే చెప్పాలి. మన సెంటర్‌కు చదువులో తడబడే పిల్లల పక్కన కూర్చుని నేర్పే మెంటర్లలో ఎక్కువమందిని పంపే ఏజెన్సీ, టర్మ్ మధ్యలో వాళ్లను వెనక్కి తీసుకుంది. ఎక్కడో పెద్ద కాంట్రాక్టు దొరికిందట. ఆ సంగతి నాకు తెలిపింది రెండు లైన్ల మెయిల్‌లో.

పిల్లవాడికి కనీసం ఏడాది పాటు ఒకే మెంటర్ ఉండాలన్నది వాళ్లతో ఒప్పందంలో నేను పెట్టిన మొదటి షరతు. సరేనని సంతకం చేశారు. ఆ మాట గుర్తు చేస్తే, "సోమవారం నుంచి వేరేవాళ్లను పంపిస్తాం, ట్యూషనే కదండీ, ఎవరు చెబితే ఏముంది?" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

మన దగ్గరికి వచ్చేవాళ్లలో డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాళ్లున్నారు, ఏకాగ్రత కుదరనివాళ్లున్నారు, స్కూలు పేరెత్తితే కడుపునొప్పి వచ్చేవాళ్లున్నారు. తెలివి తక్కువై కాదు, పెద్దవాళ్ల మీద నమ్మకం పోయి వస్తారు. ఒకబ్బాయి వచ్చిన కొత్తలో సంచి జిప్పు కూడా తీయలేదు. అతని మెంటర్ పుస్తకం ఊసెత్తకుండా పాత సైకిల్ ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. గేర్లు విప్పడం, గ్రీజు తుడవడం, మధ్యలో రెండు మాటలు. చివరికి గేర్ ఎలా బిగించాలో మాన్యువల్‌లో చూడాల్సి వచ్చింది. లైను తప్పకుండా కింద ఒక అట్టముక్క పెట్టుకుని, దాన్ని ఒక్కో లైనూ జరుపుకుంటూ పేజీ మొత్తం ఆ పిల్లవాడే చదివాడు. మెంటర్ ఇక రాడని చెప్పినప్పుడు అతను నన్ను అడిగింది ఒక్కటే: "తర్వాత వచ్చేవాళ్లు ఎన్నాళ్లుంటారు?"

ఇది నా చాదస్తం అనుకోకండి. అమెరికాలోని పిల్లలకు మెంటర్లను జతచేసే సంస్థ బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ మెంటరింగ్ మీద పరిశోధకులు జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశీలన ఉంది. మెంటర్‌తో ఏడాది, అంతకు మించి సాగిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. 3 నెలల లోపే తెగిపోయినచోట, పిల్లలకు తమ మీద తమకుండే గౌరవం, చదవగలమన్న ధైర్యం ఉన్నదానికన్నా తగ్గాయి.

సోమవారం వస్తామన్నవాళ్లను రానిస్తే మీ ఫీజులు యథాతథంగా వస్తాయి, అద్దె, జీతాల గురించి నాకు టెన్షన్ ఉండదు. వద్దంటే ఆదాయం సగానికి పడిపోతుంది. లెక్కలు వేసీ వేసీ నిద్ర పట్టలేదు. చివరికి వద్దనే చెప్పాను. "ఎవరో ఒకరుంటే చాలు కదా" అని కొందరు తల్లిదండ్రులు కోప్పడ్డారు. ఈ పిల్లల జీవితాల్లోకి ఎవరో ఒకరు ఇప్పటికే చాలామంది వచ్చి వెళ్లారండీ. వెళ్లేముందు పిల్లలకు చెప్పి వెళ్లడానికి ఒక్క సెషన్ అడిగితే దానికీ బిల్లు వేస్తామంది ఏజెన్సీ. కొందరు మెంటర్లు డబ్బు మాట ఎత్తకుండా వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చున్నారు, అది మాత్రం మర్చిపోను.

ఇక జరగబోయేది. ఉన్న మెంటర్లు, నేను కలిసి ఇప్పుడున్న పిల్లల్ని చూసుకుంటాం. సెషన్లు తగ్గుతాయి, ఫీజు కూడా ఆ మేరకు తగ్గుతుంది. ముందే కట్టినవాళ్లకు వాపసు ఇస్తాను. పరీక్షల దరఖాస్తుల్లో ఏ మార్పూ లేదు. కొత్త మెంటర్లను ఇకపై నేరుగా మేమే పెట్టుకుంటాం. మొదట పాత మెంటర్ పక్కన కూర్చుంటారు, పిల్లవాడు సరే అన్నాకే బాధ్యత తీసుకుంటారు. ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

సెషన్లు పొద్దెక్కాకే మొదలవుతాయి. తెల్లవారగానే పెట్టుకోమని కూడా ఏజెన్సీ ఒకప్పుడు పోరింది, వాళ్ల మనుషులకు అప్పుడు ఖాళీ అట! టీనేజ్‌లో నిద్ర వేళలే వెనక్కి జరుగుతాయి. ఈ వయసువాళ్ల స్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలవకూడదని పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే చెప్పింది.

వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు ఆగలేకపోతే వేరేచోట చూసుకోండి, నేనేమీ అనుకోను. సరే, కొంచెం అనుకుంటాను. ఈలోగా పిల్లలకు చదవడం, రాయడంలో ఇబ్బంది ఉందనిపిస్తే అసెస్‌మెంట్ చేయించండి. పరీక్షలో అదనపు సమయం అడగాలంటే ఆ రిపోర్టు పనికొస్తుంది. ఫీజు లెక్కలు ఈ వారంలో ఒక్కొక్కరికీ విడిగా పంపుతాను. సందేహాలుంటే నేరుగా నాకే ఫోన్ చేయండి. ఏజెన్సీవాళ్లు చేస్తే మాత్రం ఎత్తను.