దుకాణ స్థలాల పోలిక నివేదికలో కొలతల తేడాపై ఫిర్యాదు

విజయవాడ

వాణిజ్య స్థలాల లీజు సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: పోలిక నివేదికలోని తప్పును సరిదిద్ది, చెల్లించిన రుసుము వాపసు ఇప్పించడం గురించి.

అయ్యా,

పిల్లల రెడీమేడ్ దుస్తుల దుకాణం కోసం నగరంలో స్థలం వెతుకుతూ, మీ సంస్థకు జీఎస్టీతో కలిపి రూ.5,900 చెల్లించి పోలిక నివేదిక తీసుకున్నాను. బందరు రోడ్డులో లబ్బీపేట వైపున్న షాపు 600 చదరపు అడుగులనీ, అద్దె రూ.45,000 కనుక అడుగుకు రూ.75 పడుతుందనీ, బీసెంట్ రోడ్డు పక్క వీధిలోని షాపు 400 అడుగులకు రూ.38,000 కనుక అడుగుకు రూ.95 అవుతుందనీ చూపి, మొదటిదే చవక అని అందులో తేల్చారు.

లబ్బీపేట షాపులో మేస్త్రీ చేత టేపు పట్టించి చూస్తే షట్టర్ లోపల 24 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు, అంటే 408 చదరపు అడుగులే తేలాయి. మిగిలినదంతా మెట్లు, వరండా, లిఫ్టు వాటా. ఆ యజమాని ఏమీ దాచలేదు. తాను చెప్పింది ఈ వాటాలన్నీ కలిపిన సూపర్ బిల్టప్ ఏరియా అని అడగగానే చెప్పారు. రెండో షాపుకు మీరు వేసినది కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే స్థలం మాత్రమే. మానికతో కొలిచిన బియ్యాన్నీ కాటాలో తూచిన బియ్యాన్నీ పక్కపక్కన రాసి ధర పోల్చినట్లుంది ఈ లెక్క. వాడుకునే స్థలం ప్రకారం మొదటి షాపు అద్దె అడుగుకు రూ.110 దాటుతుంది.

అంతటితో పోలేదు. అక్కడ మెయింటెనెన్స్ నెలకు రూ.3,600. యజమానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నందున అద్దెపై 18 శాతం, అంటే రూ.8,100 అదనం. నేను చిన్న వ్యాపారుల కోసం ఉన్న జీఎస్టీ కాంపోజిషన్ పథకంలోని వ్యాపారిని కాబట్టి ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే దాన్ని నేను కట్టే పన్నులో తగ్గించుకోలేను, మొత్తం నా చేతి నుంచే పోవాలి. మెయింటెనెన్స్‌పై పడే పన్ను పక్కన పెట్టినా నెలకు రూ.56,700 అవుతుంది. రెండో షాపుకు ఈ రెండు భారాలూ లేవు. షట్టర్ ఎదుట సగం బోర్డును కప్పేసే స్తంభం సంగతి కూడా మీ నివేదికలో లేదు. వ్యాపారానికి లోపలి వైశాల్యం ఎంత ముఖ్యమో వీధిలోంచి షాపు కనబడటం కూడా అంతే ముఖ్యమని మీకు తెలియనిది కాదు.

ఫోన్‌లో అడిగితే, మార్కెట్లో అందరూ అలాగే చెబుతారనీ, 2016 నాటి స్థిరాస్తి చట్టంలోని కార్పెట్ ఏరియా నిర్వచనం అమ్మకాలకేననీ మీ ప్రతినిధి బదులిచ్చారు. అద్దెకు ఆ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. డబ్బు తీసుకుని పోలిక అమ్మినవారు రెండింటినీ ఒకే కొలతతో చూపించారా అన్నదే ప్రశ్న.

కావున నా రూ.5,900 వాపసు చేయాలనీ, ఆ రెండు షాపుల వివరాలను కార్పెట్ ఏరియా, మెయింటెనెన్స్, జీఎస్టీ, ముందు వెడల్పులతో సవరించాలనీ, 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలనీ కోరుతున్నాను. రసీదు నకలు, మీ నివేదిక, మేస్త్రీ గీసిన కొలతల పటం జతచేశాను.

ఇట్లు,
దుస్తుల వ్యాపారి,
సత్యనారాయణపురం, విజయవాడ