నా బ్యాడ్జీ డేటా ఎవరెవరికి ఇచ్చారని అడిగితే ఇంతవరకు జవాబు లేదు

సదస్సు నిర్వాహక సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

ఈ ఉత్తరం మీ హెల్ప్‌డెస్క్‌కి కాదు, నేరుగా మీకే రాస్తున్నాను. హెల్ప్‌డెస్క్‌కి రాయగలిగినంత రాశాను. రాసిన ప్రతిసారీ ఒక టికెట్ నంబర్ ఇస్తారు, కొన్నాళ్ళకి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెయిల్ పెట్టి ఆ టికెట్ మూసేస్తారు. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో నాకు ఈరోజుకీ తెలియదు.

జరిగింది ముందు చెప్తాను. ఈసారి సదస్సులో మీరిచ్చిన బ్యాడ్జీలో చిప్ ఉంది. ఎందుకని అడిగితే కౌంటర్లో అమ్మాయి "ఎంట్రీ కోసమండీ, క్యూలో నిలబడక్కర్లేదు" అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు, బోర్డు మీదా రాయలేదు. సదస్సు అయిపోయాక ఆఫీసులో మా మేనేజర్ పిలిచి, "కెరీర్ లాంజ్‌లో అంతసేపు ఉన్నారు, ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నారా?" అని అడిగారు. కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పారు. గ్రూప్ టికెట్లు కొన్నందుకు మా కంపెనీకి మీరు పంపిన రిపోర్ట్ అది. నా పేరు, దాని కింద నేను ఏ హాల్లోకి ఎన్నింటికి వెళ్ళానో, ఎన్నింటికి బయటికొచ్చానో వరసగా ఉన్నాయి. కెరీర్ లాంజ్ ఉన్న వరసకి పసుపు రంగు పూసి ఉంది. నేను అక్కడికి వెళ్ళింది పాత స్నేహితురాలితో మాట్లాడటానికి. కానీ ఆ సంజాయిషీ ఆయనకు నేనెందుకు ఇచ్చుకోవాలి? ఉద్యోగం కోసమే వెళ్ళాననుకోండి, అది నా సొంత విషయం. దాన్ని మా ఆఫీసుకు చేరవేసే హక్కు మీకెక్కడిది?

అప్పుడు కూడా నేను కేకలు వేయలేదు. మర్యాదగా మూడు ప్రశ్నలు రాసి పంపాను. నా గురించి ఏమేం నమోదు చేశారు, ఎవరెవరికి ఇచ్చారు, ఎప్పటికి తీసేస్తారు. వీటికి సూటిగా జవాబు చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. నాకు ఇంత కోపం తెప్పించింది చిప్ కాదు. ఆ తర్వాత మీవాళ్ళు నన్ను తిప్పిన తీరు.

మొదట మీ చాట్‌బాట్. "బ్యాడ్జీ పోయిందా?" అని అడుగుతుంది. కాదంటే మళ్ళీ అదే ప్రశ్న. మనిషితో మాట్లాడాలని టైప్ చేయగా చేయగా చివరికి ఒక ఫోన్ నంబర్ ఇచ్చింది. ఫోన్ ఎత్తినాయన నా మాట పూర్తి కాకముందే, "మేడమ్, మా దగ్గరున్న డేటా మొత్తం అనానిమస్, మీ పేరు ఎక్కడా ఉండదు" అన్నారు. సరే, బ్యాడ్జీ నంబర్ చెప్పండి అన్నారు, చెప్పాను. వెంటనే నా పేరు చదివారు. మొదటిరోజు మధ్యాహ్నం ప్రధాన హాల్లోంచి ప్రసంగం మధ్యలోనే వెళ్ళిపోయారు, సెషన్ నచ్చలేదా అని కూడా అడిగారు! పేరు ఉండదన్నారు కదా అంటే, "మాకు సిస్టమ్‌లో కనిపిస్తుందండీ, బయటికి మాత్రం వెళ్ళదు" అన్నారు. మరి మా మేనేజర్ చేతికి ఎలా వెళ్ళింది అని అడిగాను. ఒక్క నిమిషం అని హోల్డ్‌లో పెట్టారు. వచ్చే ఏడాది సదస్సు ప్రకటన వినిపిస్తూ ఉండగానే లైన్ కట్ అయింది. తిరిగి ఫోన్ చేయలేదు.

మళ్ళీ చేస్తే ఇంకొకావిడ. మొదట్నించీ అంతా చెప్పుకొచ్చాను. "ఆ టెక్నాలజీ మాది కాదండీ, వేరే కంపెనీది, వాళ్ళని అడగండి" అని ఒక మెయిల్ అడ్రస్ ఇచ్చారు. ఆ కంపెనీవాళ్ళు మాత్రం మర్యాదగానే రాశారు: నిర్వాహకులు చెప్పినట్టు చేయడమే తమ పని అని, సదస్సుకి వచ్చినవాళ్ళకి నేరుగా ఏ వివరమూ ఇవ్వలేమని. ఆ జవాబు మీకు పంపాను. దానికి మీ దగ్గర్నుంచి వచ్చిందేమిటంటే, "దయచేసి టెక్నాలజీ కంపెనీని సంప్రదించండి." నేను పంపిన మెయిల్ కింద ఆ కంపెనీ జవాబు అలాగే కనిపిస్తోంది. చదివే ఓపిక ఒక్కరికీ లేకపోయింది. ఎవరి డేటా ఎందుకు సేకరించాలో నిర్ణయించింది మీరు. డబ్బు తీసుకున్నది మీరు. జవాబు చెప్పాల్సిందీ మీరే.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఆ తర్వాతది. నేనే నేనని రుజువు చేసుకోవడానికి గుర్తింపు కార్డు ఫొటో, దాన్ని పట్టుకుని దిగిన సెల్ఫీ పంపమన్నారు. రిజిస్ట్రేషన్ చేసుకున్న మెయిల్ నుంచే రాస్తున్నాను, బ్యాడ్జీ నంబర్ ఇచ్చాను, ఫోన్ చేసినప్పుడు నా పేరు మీరే చదివారు. ఇంకా అనుమానం దేనికి? ఆ ఫొటోలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్ళుంచుతారు అని తిరిగి అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు లేదు కానీ, "కస్టమర్ స్పందించనందున" అని కారణం రాసి టికెట్ మూసేశారు. నేను స్పందించలేదట! మీ ప్రైవసీ పాలసీలో ఉన్న డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ అడ్రస్‌కి రాస్తే మెయిల్‌బాక్స్ నిండిపోయిందని వెనక్కి వచ్చింది. వచ్చే ఏడాది టికెట్ల మీద డిస్కౌంట్ మెయిల్ మాత్రం నా పేరు పెట్టి మరీ ఠంచనుగా వస్తోంది. అమ్మడానికి నేను గుర్తుంటాను, అడిగితే ఎవరో తెలియదు.

నేను మీకు కొత్త మనిషిని కాను. మీ సదస్సు ఒక చిన్న హాల్లో జరిగే రోజుల నుంచి వస్తున్నాను. అప్పట్లో కాగితం మీద పేరు రాసి పిన్నుతో పెట్టేవారు. వాలంటీరుగా పనిచేశాను, ఒకసారి వేదిక మీద మాట్లాడాను. మా ఆఫీసు గ్రూప్ టికెట్లు కొనడం మొదలుపెట్టిందే నేను చెప్పబట్టి. ఇన్నేళ్ళ అనుబంధానికి ఒక మనిషి కూర్చుని నాలుగు వాక్యాలు రాసే విలువ కూడా లేదా?

లెక్కలు వద్దని నేను అనడం లేదు. వేలమంది ఒకచోట చేరినప్పుడు ఏ హాల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలియాలి. అగ్నిప్రమాదం జరిగితే ప్రాణాలు నిలిచేది ఆ లెక్క మీదే. కానీ దానికి తలలు లెక్కపెడితే చాలు, పేర్లు అక్కర్లేదు. తలుపు దగ్గర సెన్సర్ పెట్టి ఇంతమంది లోపల, ఇంతమంది బయట అని లెక్కపెట్టుకోవచ్చు. బ్యాడ్జీయే కావాలంటే, దగ్గర నుంచి మాత్రమే చదివే ఎన్ఎఫ్‌సీ రకం చిప్ పెట్టొచ్చు. దాన్ని రీడర్‌కి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి మనమే తీసుకెళ్ళి ఆనించాలి, అంటే మనకు తెలిసే జరుగుతుంది. మీరు వాడిన యూహెచ్ఎఫ్ ఆర్ఎఫ్ఐడీ రకం అలా కాదు. నాలుగైదు మీటర్ల దూరం నుంచి, తలుపు పైనున్న యాంటెనా నుంచి, మెడలో వేలాడుతుండగానే చదివేస్తుంది. చదివినట్టు మనకు తెలియను కూడా తెలియదు. దాన్ని ఎంచుకున్నప్పుడే చెప్పే బాధ్యత రెట్టింపైంది. వద్దన్నవాళ్ళకి చిప్ లేని బ్యాడ్జీ కౌంటర్లో ఉంచడం అంత కష్టమా?

మీ ప్రైవసీ పాలసీ మొదటి పేరాలోనే యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌ను పాటిస్తామని రాసుకున్నారు. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టాన్ని మీరు చదివినట్టు లేదు, నేను చదివాను. నా డేటా కాపీ, అది ఎవరికి వెళ్ళిందో అడిగే హక్కు 15వ ఆర్టికల్లో ఉంది. నెలలోపు జవాబివ్వాలి. ఇంకా సమయం కావాలంటే ఆ నెలలోపే కారణం చెప్పాలి అని 12వ ఆర్టికల్ చెప్తోంది. నెల ఎప్పుడో దాటింది, కారణమూ చెప్పలేదు. బార్సిలోనాలో జరిగే మొబైల్ ఫోన్ల రంగం పెద్ద సదస్సు, మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ సంగతి మీ రంగంలో తెలియనివారుండరు. 2021 సదస్సులో ముఖం గుర్తించే పద్ధతి పెట్టి, దానివల్ల వచ్చే ముప్పును ముందుగా సరిగా అంచనా వేయనందుకు నిర్వాహక సంస్థ జీఎస్ఎంఏకి స్పెయిన్ డేటా రక్షణ సంస్థ 2 లక్షల యూరోల జరిమానా వేసింది, 2023లో. అది మొదలైంది ప్రసంగించడానికి పిలుపు అందుకున్న ఒకావిడ చేసిన ఫిర్యాదుతో.

నా మూడు ప్రశ్నలకూ జవాబు కావాలి. మా ఆఫీసుకు పంపిన రిపోర్టును వెనక్కి తీసుకుని, అది పంపకూడనిదని వాళ్ళకు రాతపూర్వకంగా చెప్పాలి. స్టాళ్ళవాళ్ళకి ఇచ్చి ఉంటే వాళ్ళకీ చెప్పాలి. ఆ తర్వాత నా వివరాలన్నీ తీసేయాలి. మిగతావాళ్ళ రిపోర్టులు కూడా ఇలాగే ఎన్ని ఆఫీసులకు వెళ్ళాయో ఎవరికి తెలుసు, వాళ్ళందరికీ కూడా చెప్పాలి.

పదిహేను రోజులు చూస్తాను. ఆలోపు జవాబు రాకపోతే డేటా రక్షణ అధికారులకు ఫిర్యాదు చేస్తాను, మీ హెల్ప్‌డెస్క్ మెయిళ్ళన్నీ జతచేసి. మీ వక్తలకు, స్పాన్సర్లకు ఒక్కొక్కరికీ రాస్తాను. నాతోపాటు వచ్చినవాళ్ళలో ఆ రిపోర్ట్ గురించి తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకీ చెప్తాను. వచ్చే ఏడాది మా ఆఫీసు నుంచి ఒక్కరూ రాకుండా చూస్తాను.

ఫోన్ చేయకండి. టికెట్ నంబర్ పంపకండి. జవాబు రాసిన మనిషి పేరు, హోదా, సంతకం ఉన్న ఉత్తరమే పంపండి.

ఇట్లు,
మీ సదస్సు పాత ప్రతినిధి