పెనుకొండ కోటలో మరుగునపడిన రాజు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకం గురించి వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో మూడు తరాలవాళ్లం చదివాం. మేక కళ్ల కథను చక్కగానే చెప్పారు. అవసాన దశలో ఉన్న వీరనరసింహరాయలు తన ఎనిమిదేళ్ల కొడుకుకు రాజ్యం దక్కాలన్న ఆశతో తమ్ముడి కళ్లు పీకించి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించడం, ఆ మంత్రి మేక కళ్లు చూపించి కృష్ణరాయలను కాపాడడం మనలో చాలామంది చిన్ననాడే విన్న కథ. దానిని విజయనగర చరిత్రలోకెల్లా పెద్ద కుట్రగా వ్యాసకర్త వర్ణించారు. పెనుకొండ కొండ కింద పుట్టి పెరిగిన నాకు అక్కడే అభ్యంతరం. 1509లో కృష్ణరాయలు ఎక్కిన ఆ సింహాసనం మీద న్యాయంగా హక్కున్న సాళువ వంశపు రాజు, అంతకు నాలుగేళ్ల ముందు, 1505లో, మా కోటలోనే హత్యకు గురయ్యాడు. పూర్తి పేజీ వ్యాసంలో ఆ ఇమ్మడి నరసింహరాయల పేరు ఒక్కసారైనా రాలేదు.

విజయనగరాన్ని మొదట ఏలిన సంగమ వంశం చివరి దశను వ్యాసకర్త రెండు వాక్యాల్లో దాటేశారు. అది తప్పనను, కానీ ఆ రెండు వాక్యాల్లో గుర్రాల సంగతి ఉండి తీరాల్సింది. విరూపాక్షరాయల కాలంలో, 1470ల తొలినాళ్లలో, గోవా బహమనీల వశమైంది. పడమటి రేవు పోయిందంటే అరబ్బు గుర్రం రావడం కష్టమైందన్నమాట; గుర్రం లేని సైన్యంతో ఉత్తరాన ఉన్న బహమనీ సుల్తానులను, ఒడిశా గజపతులను నిలువరించడం ఎవరి తరమూ కాదు. ఆ సమయంలో చంద్రగిరి నుంచి పరిపాలిస్తూ వచ్చిన సాళువ నరసింహుడి మీదికి సామంతుల చూపు మళ్లడానికి కారణం ఆయన పరాక్రమం ఒక్కటే కాదు. ఆయన గుర్రాలను చచ్చినా బ్రతికినా వెయ్యి వరహాలకు మూడు చొప్పున కొన్నాడని, ఓడలో దారిలోనే చచ్చినదానికి తోక తెచ్చి చూపినా సొమ్ము చెల్లించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అటువంటి ఏలిక కోసం సైన్యం వంశాన్నే మార్చిందంటే అందులో ఆశ్చర్యం ఏముంది? కన్నకొడుకే విరూపాక్షుణ్ణి చంపి, అతని తమ్ముడు గద్దెనెక్కి ఆ అన్నను చంపించాక, 1485లో సాళువ నరసింహుడి సేనాని, కృష్ణరాయలకు తండ్రి అయిన తుళువ నరసా నాయకుడు దండుతో నగరం ప్రవేశించినప్పుడు ఎదిరించినవాడే లేడు. చివరి సంగమ రాజు రాజధాని విడిచి పారిపోయాడు.

అసలు చిక్కు అక్కడినుంచి మొదలవుతుంది. 1491లో సాళువ నరసింహుడు కన్నుమూస్తూ ఇంకా చిన్నవాళ్లైన తన ఇద్దరు కొడుకులను, రాజ్యాన్ని నరసా నాయకుడికే అప్పగించాడు. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు తన చేతికి దక్కలేదని, వాటిని సాధించమని కూడా కోరాడు. పెద్దకొడుకు కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. చంపించినవాడు నరసా నాయకుడికి విరోధియైన మరో సేనాని అని, నింద నరసా నాయకుడి మీద పడాలనే ఆ పని చేయించాడని న్యూనిజ్ కథనం. చిన్నవాడైన ఇమ్మడి నరసింహుడు రాజయ్యాడు గానీ, అన్నను చంపించినవాణ్ణి దండించకుండా ఆదరించసాగాడు. నరసా నాయకుడు వేట నెపంతో రాజధాని దాటి పెనుకొండ చేరి, సేనను కూడగట్టుకుని విజయనగరాన్ని ముట్టడించి, ఆ హంతకుడి తల తనకు పంపితే గాని శాంతించలేదు. ఆ తరువాత రాజరక్షణ పేరిట ఇమ్మడి నరసింహుణ్ణే పెనుకొండకు తరలించి, చుట్టూ ఇరవై వేలమందిని కాపలా పెట్టాడు. అంతమంది కాపలా రాజును కాపాడటానికో, రాజు బయటికి రాకుండా చూడటానికో మీ పాఠకులకు నేను విప్పి చెప్పనక్కర లేదు.

ఇమ్మడి అంటే కన్నడంలో ‘రెండవ’ అని అర్థం. తండ్రి పేరే పెట్టుకున్న ఈ రాజు పేరుతోనే పద్నాలుగేళ్లపాటు రాజ్యం నడిచింది. దానాలు ఇచ్చినవాడు శాసనాల్లో అతడే, అధికారం మాత్రం నరసా నాయకుడిది. 1503లో నరసా నాయకుడు చనిపోయాక ఆ పెత్తనం అతని కొడుకు వీరనరసింహుడికి సంక్రమించింది. ఇంతవరకు రాజుకే వారసుడు ఉండేవాడు, ఇప్పుడు రాజును కాపలా కాసే పదవికి కూడా వారసుడు వచ్చాడు. వంశం మారిన క్షణం ఏదని నన్నడిగితే, 1505 నాటి హత్య కన్నా ఈ 1503 నాటి బదలాయింపునే చూపిస్తాను. పెనుకొండలో ఇమ్మడి నరసింహుణ్ణి చంపించిన తరువాత వీరనరసింహుడు చేసిందల్లా తన దగ్గర ఉన్నదానికి రాజ్యమని పేరు పెట్టుకోవడమే.

వ్యాసకర్త న్యూనిజ్ మాటలను సాక్షి వాంగ్మూలంగా తీసుకున్నారు కాబట్టి దీనిని ఇంకొంచెం వివరించాలి. న్యూనిజ్ ఈ సంగతులు రాసింది 1535-37 ప్రాంతంలో, కృష్ణరాయల తమ్ముడు అచ్యుతరాయల కాలంలో. అంటే తాను చెబుతున్న మేక కళ్ల ఘట్టానికి పాతికేళ్ల తరువాత, ఊళ్లో వాళ్లు చెప్పగా విని రాశాడు. అతడు పెనుకొండ హత్యను నరసా నాయకుడే చేయించాడని రాశాడు. అయితే 1504-05 నాటి దేవులపల్లి తామ్రశాసనం ఇమ్మడి నరసింహుడు వేయించినదే. అప్పటికి నరసా నాయకుడు పోయి ఏడాది దాటింది. చచ్చిపోయినవాడు కుట్ర పన్నడు కదా. నింద పడవలసినది తండ్రి మీద కాదు, కొడుకు వీరనరసింహుడి మీద. నరసింహుడు, ఇమ్మడి నరసింహుడు, నరసా నాయకుడు, వీరనరసింహుడు అనే నాలుగు పేర్ల మధ్య విదేశీయుడు తడబడ్డాడంటే క్షమించవచ్చు, మనకు ఆ మినహాయింపు లేదు. ఇంత పెద్ద విషయంలో తండ్రీకొడుకులను కలగలిపేసిన రచయిత, తిమ్మరుసు కంచరగాడిదల శాలలో కృష్ణరాయలతో రహస్యంగా ఏం మాట్లాడాడో మాత్రం పొల్లుపోకుండా చెప్పాడని నమ్మమంటే నాకు నమ్మబుద్ధి కాదు. కథను వేయవద్దని అనడం లేదు. అది వదంతి అన్న మాటను కూడా చేర్చమంటున్నాను.

గెలిచినవాళ్లు తమ వైపు కథను రాతిలో ఎలా చెక్కించారో కూడా వ్యాసంలో లేదు. కృష్ణరాయల పట్టాభిషేక సందర్భంలో హంపి విరూపాక్షాలయంలో వేయించిన శాసనం చూడండి. చంద్రుడు, బుధుడు, పురూరవుడు, యయాతి, తుర్వసుడు అని మొదలై, ఆ వంశంలో తిమ్మ భూపతి, ఈశ్వరుడు, నరసుడు, ఆ నరసుడికి తిప్పాంబ వల్ల వీరనరసింహుడు, నాగలాంబ వల్ల కృష్ణరాయలు. సాళువ వంశం ఊసే లేదు. నరసుడు కావేరికి వారధి కట్టి శ్రీరంగపట్నం గెలిచినప్పుడు ఎవరి సేనానిగా గెలిచాడో అందులో కనబడదు. తుర్వసుణ్ణి ఎంచుకోవడంలోని చాకచక్యం నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. సంగమ రాజులు తమది యదువంశమని చెప్పుకున్నారు. తుర్వసుడు ఆ యదువుకు సొంత తమ్ముడు. ఒక్క పేరుతో తుళువలు పాత రాజవంశానికి దాయాదులైపోయారు. అయితే యదు తుర్వసులిద్దరూ యయాతి ముసలితనాన్ని పుచ్చుకోనని చెప్పి, రాజ్యం దక్కకుండా శాపం తిన్నవాళ్లే. మన భారతం తెలిసిన ఆస్థాన పండితులకు ఆ సంగతి గుర్తు లేకపోలేదు, చూసీచూడనట్టు ఊరుకున్నారేమో.

సాళువ నరసింహుడు మరణశయ్య మీద అప్పగించిన వాటిలో కోటల సంగతి నెరవేరింది. కృష్ణరాయలు ఆ కోరికను గుర్తుంచుకునే గజపతి మీదికి దండెత్తాడని న్యూనిజ్ చెబుతాడు; 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, 1520లో రాయచూరు చేజిక్కాయి. పిల్లల సంగతి ఏమైందో పైన రాశాను. ఇక కృష్ణరాయలు గద్దెనెక్కాక వీరనరసింహుడి కొడుకును, తన సోదరులను చంద్రగిరి కోటకు పంపి కాపలాలో ఉంచారని అదే న్యూనిజ్ రాశాడు. ఏ చంద్రగిరి నుంచి సాళువలు రాజ్యానికి వచ్చారో, ఆ చంద్రగిరే తుళువ రాజకుమారులకు చెరసాల అయ్యింది. 1529లో అచ్యుతరాయలు రాజు కావడానికి బయలుదేరింది అక్కడినుంచే. అచ్యుతుడు పోయాక గుత్తి కోటలో బందీగా ఉన్న సదాశివరాయలను కృష్ణరాయల అల్లుడు అళియ రామరాయలు తెచ్చి 1543లో పట్టం కట్టడం, తరువాత అతణ్ణి కూడా మూలన కూర్చోబెట్టి తానే ఏలడం పాఠకులు ఎరిగినదే. మా సీమలోని ఈ కొండకోటలు శత్రువును ఆపడానికి ఎంత ఉపయోగపడ్డాయో, సొంత రాజును దాచడానికి అంతే ఉపయోగపడ్డాయి. పెనుకొండకు వచ్చే సందర్శకులకు బాబయ్య దర్గా, గగన్ మహల్ చూపిస్తారు గాని, ఇమ్మడి నరసింహుడి మాట ఎత్తే గైడు నాకింతవరకు తారసపడలేదు.

చివరగా ఒక సవరణ కోరుతున్నాను. తిమ్మరుసు బొమ్మ కింద ‘సాళువ రాజవంశీకుడైన మంత్రి’ అని వేశారు. సాళువ తిమ్మరుసు కౌండిన్య గోత్రపు బ్రాహ్మణుడు. పేరు ముందున్న ఆ మాటను బట్టి ఆయనను సాళువ నరసింహుడి వంశానికి చేర్చడం పొరపాటు. పైగా హతుడైన రాజు బంధువే కృష్ణరాయలకు పట్టం కట్టాడన్న అర్థం వచ్చి కథ మొత్తం తలకిందులవుతుంది. వచ్చే ఆదివారం రెండో భాగం వేస్తామన్నారు కనుక, ఆ సవరణతో పాటు 1491 నుంచి 1505 వరకు విజయనగరానికి రాజు ఎవరో ఒక్క వాక్యమైనా అందులో చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెనుకొండ, శ్రీ సత్యసాయి జిల్లా