అమ్ములూ, ఆదివారం ఫోన్ ఏమైంది?

అమ్ములూ,

ఇక్కడ మేమంతా క్షేమం. వానలు పట్టుకున్నాయి. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, నూనె రాసుకోమంటే వినదు. బామ్మ గది మీదకి వంగిన మామిడి కొమ్మ కొట్టించాం. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పనుల్లో ఉంటావులే, ఈ ఉత్తరం దాని గురించి కాదు.

మొన్న పెళ్లి భోజనాల దగ్గర చినబాబు కలిశాడు. నిన్ను ఆక్స్‌ఫర్డ్‌లో చూశాడట. రీసెర్చ్ మానేసి మ్యూజియంలో చచ్చిన పిట్టలు తుడుస్తున్నావని పదిమందిలో అన్నాడు. వాడి మాట నేను నమ్మను. తాతయ్య పొలం సంగతిలోనూ ఇలాగే చెప్పాడుగా. కానీ, నిజమేనా?

తుడవడం తప్పని కాదు. ముప్పై రెండేళ్లు కాలేజీ జువాలజీ ల్యాబులో పాములూ చేపలూ దాచిన సీసాలు తుడిచేగా నిన్ను చదివించింది. అందుకే అడుగుతున్నా.

వెళ్లిన కొత్తలో అంతరించిపోయిన డోడో పిట్ట సంగతి చెప్పావు గుర్తుందా? 1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియం నుంచి మీ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి చేరిన తల, కాలు. మూడు వందల ఏళ్లు దాటాక దాన్నుంచి డీఎన్ఏ తీస్తే, బతికున్న పక్షుల్లో మన నికోబార్ పావురమే దగ్గరి చుట్టమని తేలిందన్నావు. 2018లో స్కాన్ చేస్తే తల వెనక సీసపు తుపాకీ గుళ్లు కనిపించాయన్నావు. దాచినవాళ్లకు డీఎన్ఏ మాటే తెలియదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకో ఇప్పుడు చెబుతా. ఒకసారి కాలేజీకి తనిఖీ అని గోడలకు రంగులేయించారు. సీసాలన్నీ వరండాలో పెట్టాం. సాయంత్రం లోపల సర్ది తాళం వెయ్యాల్సింది నేనే. నీకు నూట మూడు జ్వరమని కబురొస్తే సైకిలెక్కి వచ్చేశాను. రాత్రంతా వాన. పొద్దున్న చూస్తే సీసాలకు ఏమీ కాలేదు, లేబుళ్ల మీద సిరా మొత్తం కారిపోయింది. రిజిస్టరు అప్పటికే చెదల పాలు. ఎవరూ ఏమీ అనలేదు, పాము పామే, చేప చేపే అన్నారు. ఏడెనిమిదేళ్లకు ఏదో యూనివర్సిటీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కొల్లేరులో చెరువులు తవ్వకముందు పట్టిన చేపలు కావాలట. బొమ్మిడాయి సీసా చేతికిచ్చాను. "కొల్లేరుదేనా అండీ? ఏ సంవత్సరం?" అన్నాడు. కొల్లేరుదో, కృష్ణ కాలవదో, ఏం చెప్పను? సీసా అటూ ఇటూ తిప్పి చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

చేసేది ఆ పనే అయితే, చీటీ పెన్సిల్‌తో రాయి. సీసా లోపల కూడా ఒకటి వెయ్యి. రిజిస్టరు రెండు చోట్ల ఉంచు. పాత పిట్టలకు ఆర్సెనిక్ పూసేవారట, గ్లౌజులు లేకుండా ముట్టుకోకు. ఆ చేత్తో తినకు. క్లాసు పీకకూడదనుకున్నాను, అయినా ఇదొక్కటి: థీసిస్ మాత్రం వదలకు. సీసా తుడిచేవాడికీ, దాని మీద పేపరు రాసేవాడికీ జీతంలో తేడా ఎంతో నాకు తెలుసు.

కందిపొడి, సున్నుండలు చినబాబుతో పంపుతున్నా. తీసుకో, వాడికేమీ చెప్పకు.

మీ అమ్మకు ఇవేవీ తెలియవు. ఈ ఆదివారం చేసినప్పుడు ఫోన్ ముందు నాకిమ్మను.

నాన్న