ఫ్లెక్సులు చేశామని దాచుకోకండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్లో ఉద్యోగాల పేజీ వదలకుండా చూస్తాను. బ్యాంకులు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల గురించి బాగానే రాస్తున్నారు గానీ బొమ్మలు వేసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, యాడ్స్‌కి మాటలు రాసేవాళ్లు ఎలా తయారై వెళ్లాలో ఒక్క ముక్క కూడా రాయరేంటండీ? గవర్నర్‌పేటలో చిన్న డిజైన్ ఆఫీసు నడుపుతున్నాను. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఎదురుగా కూర్చునేది నేనే కాబట్టి నాకు కనిపించేది చెప్తాను.

వచ్చేవాళ్లలో చాలామంది ఫైల్ నిండా సర్టిఫికెట్లు, "మీ గురించి చెప్పండి" అంటే అప్పజెప్పడానికి బట్టీ పట్టిన జవాబు తెచ్చుకుంటారు. పని చూపించమంటే ఫోన్ తీసి గ్యాలరీలో వెతుకుతారు, అన్నప్రాశన ఫోటోలూ గుడి ఫోటోలూ దాటాక దొరికేది వాట్సాప్‌లో తిరిగి తిరిగి మసకబారిన బొమ్మ. అదైనా ఇన్‌స్టిట్యూట్‌లో అందరి చేతా చేయించిన కాఫీ షాపు లోగోనే, పైగా అసలు లేని షాపు!

కాస్త కదిపితే తెలుస్తుంది, ఆ కుర్రాడు బాబాయి ఫ్లెక్స్ షాపులో ఎప్పట్నుంచో పని చేస్తున్నాడని. "అవి చూపిస్తే బాగోదేమో సార్" అంటాడు. నాకు కావాల్సింది అవే. లీడర్ పుట్టినరోజు ఫ్లెక్స్ ఉందనుకోండి, పైన అధినేత బొమ్మ ఎంత ఉండాలి, డబ్బులిచ్చిన కార్పొరేటర్ బొమ్మ ఎంత ఉండాలి, కింద వరసలో ముప్పై మందిలో ఎవరూ అలగకుండా ఎవర్ని ఎక్కడ పెట్టాలి, ఇన్ని చూసుకున్నాక కూడా బెంజి సర్కిల్‌లో బండి మీద పోయేవాడికి పేరు కనపడాలి, అదీ రాత్రి చెప్పి పొద్దున్నే కట్టాలంటారు. డిజైనర్‌కి ఇంతకంటే పరీక్ష ఏముంటుంది? శుభలేఖలు వేసినవాళ్లదీ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసినవాళ్లదీ ఇదే కథ.

అందుకని బాగా వచ్చిన పనులు ఐదారు తీసి ఒక పీడీఎఫ్ చేసుకోండి. ఒక్కోదానికీ ఎవరు అడిగారు, ఏం కావాలన్నారు, మొదట ఏం చేశారు, ఎందుకు మార్చారు అన్నది ఇంట్లో ఎవరికో ఒకరికి తెలుగులోనే చెప్పి చూడండి. ఆ రంగు ఎందుకు పెట్టావని అడిగితే "బాగుందని పెట్టాను సార్" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ఏఐతో చేసింది ఉంటే ఎంతవరకు వాడారో ముందే చెప్పేయండి, రెండో ప్రశ్నకే ఎలాగూ తెలిసిపోతుంది. వెళ్లే కంపెనీ ఈమధ్య వేసిన యాడ్స్ చూసి వాటిలో ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో చెప్పగలిగితే ఇంకా మంచిది.

మాలో కొంతమంది కావాలనే "ఇది మార్చి చూపించు" అంటాం, మొహం మాడుస్తారా లేదా చూడ్డానికి. పింగళి వెంకయ్య గారు 1916లోనే ముప్పై జెండా నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో ఈ బెజవాడలోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా చూపిస్తే గాంధీజీ తెలుపు కూడా చేర్చమన్నారు, చేర్చారు. అంతటాయనకే మార్పులు తప్పలేదు మరి.

మన దగ్గర ఇంకోటి ఉంది, తెలుగు టైపింగ్. ప్రెస్సులో 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లతో కొట్టిన మేటర్ వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, కొన్ని ఫొటోషాప్ వెర్షన్లలో సెట్టింగ్ మార్చకపోతే యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు) ఒత్తులు విడిపోతాయి. రెండూ తెలిసినవాళ్లు దొరకడం కష్టంగా ఉంది. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, ఇంటర్వ్యూకి ముందే వాటితో నాలుగు పోస్టర్లు చేసి ఉంచుకోండి.

ఇక టెస్ట్ సంగతి. ఓ రెండు గంటల పని ఇస్తే తప్పు లేదు. కానీ టెస్ట్ అని చెప్పి అసలు కస్టమర్‌కి కావాల్సిన పోస్టర్లు చేయించుకుని, తర్వాత ఫోన్ ఎత్తని ఆఫీసులూ ఉన్నాయి. దీన్ని ఎక్కడ వాడతారు అని మొహమాటం లేకుండా అడగండి, జేపీజీ బొమ్మ ఇవ్వండి గానీ సోర్స్ ఫైల్, అంటే మార్పులు చేసుకోగలిగే అసలు ఫైల్ మాత్రం ఉద్యోగం ఖాయం కాకుండా ఇవ్వొద్దు.

ఎడిటర్ గారూ, నెలకొకసారైనా ఈ పిల్లల కోసం మీ పేజీలో కొంచెం చోటివ్వండి. విజయవాడ, గుంటూరుల్లో కొత్త డిజైనర్‌కి, ఎడిటర్‌కి ఎంత జీతం ఇస్తున్నారో కూడా కనుక్కుని వేయండి, ఎంత అడగాలో తెలియకే చాలామంది మేం చెప్పినదానికి తలూపి వెళ్లిపోతున్నారు.

– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ