దుఆ చేసేటప్పుడు పాటించవలసిన మర్యాదలు

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.

బెంగళూరులోని మన తెలుగు కుటుంబాల సభ్యులందరికీ మనవి. నమాజ్ ముగియగానే దుఆ (అల్లాహ్‌ను వేడుకోవడం) కోసం చేతులెత్తి, శివాజీనగర్‌లో బస్సు అందుకోవాలనే తొందరలో అరనిమిషంలో ముఖం తుడుచుకుని లేచిపోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రవక్త సహచరుడు ఫజాలా బిన్ ఉబైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం) ప్రకారం, ఒక వ్యక్తి అల్లాహ్‌ను స్తుతించకుండా, దరూద్ (ప్రవక్తకు శుభాలు కోరే ప్రార్థన) పఠించకుండా నేరుగా వేడుకోవడం విని, అతడు తొందరపడ్డాడని ప్రవక్త (స) అన్నారు. కాబట్టి ముందు స్తుతి, తర్వాత దరూద్, ఆ పైనే మన అవసరం. "నీకిష్టమైతే క్షమించు" అనకుండా, ఇస్తాడన్న నమ్మకంతో స్థిరంగా అడగాలి. ఎంత అడిగినా ఫలితం లేదని విసిగి మానేయడం కూడా తొందరపాటేనని, ఆ తొందర లేనంతవరకు దుఆ స్వీకరించబడుతుందని హదీసులో ఉంది. కష్టాల్లో ఉన్న మనవారికి ఈ మాట తప్పక చెప్పండి.

వినయంగా, గోప్యంగా వేడుకోమని ఖుర్ఆన్ (7:55) ఆదేశిస్తోంది. పక్కవారు నమాజ్‌లో మిగిలిన రకాతులు (భాగాలు) పూర్తిచేసుకుంటుండగా గొంతు పెంచడం నాకు సబబుగా తోచదు.

అరబీ రాదని వెనకాడకండి, నమాజ్ తర్వాత సొంత దుఆ తెలుగులో చేసుకోవచ్చు. నమాజ్ లోపల మాత్రం సొంత భాషలో అడగడంపై పండితుల్లో భేదాభిప్రాయం ఉన్నందున ఇమామ్ గారిని సంప్రదించండి.

అజాన్‌కూ (నమాజ్ పిలుపు), ఇఖామత్‌కూ (నమాజ్ మొదలవుతోందని తెలిపే రెండో పిలుపు) మధ్య చేసే దుఆ తిరస్కరించబడదని హదీసు ఉంది కనుక, ఆఫీసు నుంచి ఇషా (రాత్రి) నమాజ్‌కు ముందుగా చేరుకున్నవారు ఆ కాస్త సమయాన్ని ఫోన్ చూస్తూ పోగొట్టుకోవద్దని కోరుతున్నాను.